పది అంకెల ఆలస్యం

గురువారం వచ్చిందంటే కినుయెకు ప్రాణం లేచొచ్చేది. మిగతా రోజుల్లో ఆమె ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళకు వండిపెట్టి, ఒళ్ళు తుడిచి, మందులు మింగించి వచ్చేది. అది జీతం కోసం. గురువారం మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా మినోవా సందులోని తొకుజో ఇంటికి వెళ్ళేది. అది పగ కోసం.

ఆమెను ఇళ్ళకు పంపే సంస్థవాళ్ళు ఆ పేరున్న కాగితం చేతికిచ్చినప్పుడే చెప్పారు. "పెద్దాయన నోరు మంచిది కాదు. ఇప్పటికి ముగ్గురు మానేశారు. ఇష్టం లేకపోతే వద్దనండి."

కినుయె వద్దనలేదు. పాముది పన్నెండేళ్ళ పగంటారు. కినుయెది నలభై ఒక్కేళ్ళది. పాము వచ్చి ఈవిడ దగ్గర పాఠాలు చెప్పించుకోవాలి.

ఆమె పదహారేళ్ళకు అకితా పల్లె నుంచి వచ్చి తొకుజో కొట్లో పనికి కుదిరింది. ఆ కొట్లో అమ్మేది ఒక్కటే, ఓయకోదోన్. ఒక్క మనిషికి సరిపోయే చిన్న బాణలిలో ఉల్లిపాయనూ కోడిముక్కలనూ తియ్యటి సోయా పులుసులో ఉడికించి, గిలక్కొట్టిన గుడ్డు పోసి, అది ఇంకా వణుకుతుండగానే వేడన్నం మీదికి జార్చాలి. తల్లీ బిడ్డా ఒకే గిన్నెలో అన్నమాట. మూడేళ్ళు ఉల్లిపాయలు తరిగించాక గాని తొకుజో ఆమె చేతికి బాణలి ఇవ్వలేదు. ఆ సంగతి తెలిసి తల్లి రాత్రి రైలెక్కి వచ్చేసింది. తన కోళ్ళు పెట్టిన గుడ్లు పది, వరి ఊకలో సర్ది తెచ్చింది.

తొలి గిన్నె తల్లికే. మూతపెట్టి పది అంకెలు లెక్కపెట్టాలి. కినుయె వంటగది తెర సందులోంచి తల్లిని చూసింది. కొట్టు చివర, బడిలో చేరిన మొదటి రోజు పిల్లలా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది తల్లి. ఆ చూపులోనే ఇంకో పది అంకెలు గడిచిపోయాయి. గుడ్డు గట్టిపడింది.

తల్లి తినేముందు దండం పెట్టినట్టు గిన్నెను రెండు చేతులా పట్టుకుని నుదుటిదాకా ఎత్తింది. తొకుజో వచ్చి ఆ చేతుల్లోంచే లాక్కున్నాడు. నిండు కొట్లో అందరూ చూస్తుండగా చెత్తబుట్టలో బోర్లించాడు.

"ఇది మనిషి నోటికెళ్ళే తిండి కాదు," అన్నాడు.

తిరుగు రైలెక్కుతూ తల్లి, "నాకసలు ఆకలే లేదులేవే, నువ్వు బాధపడకు," అంది. ఆ చలికాలం దాటలేదామె. కినుయె మర్నాడే కొట్టు మానేసింది.

ఓడలు బళ్ళవుతాయి. తొకుజోకిప్పుడు ఎనభై నాలుగు. కొట్టు ఎప్పుడో మూతపడింది, కుడిచెయ్యి పక్షవాతానికి పోయింది. డాక్టరు కాగితంలో స్పష్టంగా రాసుంది, గుడ్డు పూర్తిగా ఉడకాలని. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేది పగవాళ్ళైతే మొదటి పంక్తి కూడా నరకమే. ఆ కాగితం చదివి కినుయె బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తనివితీరా నవ్వుకుంది.

ప్రతి గురువారం ఓయకోదోనే. పది అంకెల పైన ఇంకో పది, ముసలాయనకు వినపడేలా లెక్కపెట్టేది.

"పదకొండు, పన్నెండు..."

"ఆపు! చచ్చింది గుడ్డు!"

"కాగితంలో రాసుందండీ."

"వండేది కాగితమా, నువ్వా? ఇది గుడ్డా, గిన్నెలు తోముకునే స్పాంజా?"

"వద్దంటే తీసేస్తానండీ. రాత్రిదాకా ఇంకేం లేదు మరి."

తిట్టుకుంటూ ఎడంచేత్తో చెంచా పట్టి తినేవాడు. నెరిసిన జుట్టు వెనక, పెళ్ళితో మారిన ఇంటిపేరు వెనక ఉన్న మనిషిని ఆయన పోల్చుకోలేదు. కినుయెకూ ఆ తొందర లేదు. ఆమెకు కావాల్సింది ఒక్కటే. ఆ గట్టి గుడ్డు బావుందని ఆ నోటితోనే అనిపించాలి.

ఏడో గురువారం ఆయన కూతురు రిత్సుకో నగోయా నుంచి వచ్చింది. రైలు దిగి నేరుగా ఇంటికే వచ్చింది, ఏమీ తినలేదు.

"దానికీ ఓ గిన్నె వండు," అన్నాడు తొకుజో.

"కుదరదండీ. మీ ఒక్కరికే వండాలి. ఇంట్లోవాళ్ళకు వండితే నా ఉద్యోగం పోతుంది."

"ఏం రూల్సో! ఇదిగోనే, నాది తిను. మొదట్లో తిట్టాను గాని అలవాటైంది. బావుంటుంది."

వచ్చేసింది ఆ మాట. కినుయె కడుపు చల్లబడాలి. చల్లబడకపోగా ఇంకా మండింది. ఎదురుగా రిత్సుకో గిన్నెను రెండు చేతులా పట్టుకుని నుదుటిదాకా ఎత్తుతోంది. కినుయె ఒక్క అంగలో వెళ్ళి లాక్కుంది. చెత్తబుట్టలో బోర్లించింది.

"ఇది మనిషి నోటికెళ్ళే తిండి కాదు."

తొకుజో బుట్టవంక చూశాడు, తర్వాత ఆమె మొహంవంక చూశాడు.

"అకితా పిల్లవా?"

"అవును మాస్టారూ."

"గుడ్డు గట్టిపడిందని పారేశాను నేను. నువ్వెందుకు పారేశావ్?"

సిగ్గుపడతాడనుకుంది, క్షమించమంటాడనుకుంది. ముసలాడు లెక్క అడుగుతున్నాడు. ఇంతలో రిత్సుకో, గిన్నె పట్టుకున్న చేతులు ఇంకా దించకుండానే, "పర్లేదండీ, నాకసలు ఆకలే లేదు," అంది.

నలభై ఒక్కేళ్ళు మోసుకొచ్చిన దెబ్బ తగలాల్సినవాడికి తగల్లేదు. ఏ పాపమూ తెలియని ఆయన కూతురికి తగిలింది.

ఒంటిగంటకు ఇంకా అయిదు నిమిషాలుంది. ఆ అయిదు నిమిషాలూ బాణలి తోముతూ నిలబడింది. గంట కొట్టగానే పని ముగిసిందని హాజరు కాగితం మీద ముద్ర వేసి, ఏప్రన్ విప్పి మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇప్పుడు నేను పనిలో లేను. మీ ఇంటి గుడ్లు రెండు తీసుకుంటున్నానమ్మా," అని పొయ్యి వెలిగించింది.

ఈసారి మనసులోనే లెక్కపెట్టింది. పది అనగానే అన్నం మీదికి జార్చింది. గుడ్డు వణుకుతూ వచ్చి కూర్చుంది. గిన్నె రిత్సుకో ముందు పెట్టింది. ఆకలి లేదన్న పిల్ల తల ఎత్తకుండా తింది.

తొకుజో మెడ సాచాడు. "నాకో చెంచా."

"కాగితం ఒప్పుకోదు మాస్టారూ."

"ఒక్క చెంచానే! రేపో మాపో పోయేవాణ్ణి!"

"మీరు పోతే నామీదికొస్తుంది. చూడండి, చూడ్డానికి ఏ కాగితమూ అడ్డం రాదు."

చూశాడు. చివరి మెతుకుదాకా గుటకలు మింగుతూ చూశాడు.

"ఏమైనా తప్పుందా మాస్టారూ?"

"లేదు."

"వినపళ్ళేదండీ."

"లేదే తల్లీ! లేదు! ఏ తప్పూ లేదు!"

కినుయె తృప్తిగా చెప్పులేసుకుంది. మరుసటి గురువారం మళ్ళీ వచ్చి, ఆయన గిన్నెకు ఎప్పటిలాగే ఇరవై దాకా లెక్కపెట్టింది.