మెట్ల పైన బిగించిన పాఠం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్‌లో, పుత్తూరు దగ్గరి ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా బదిలీ అయ్యాను. చేరిన వారానికే డిజిటల్ బోర్డు వచ్చింది. వేలితో తాకితే బొమ్మలు కదిలే పెద్ద తెర. పిల్లలందరికీ సమానంగా చదువు అందించడానికని పెట్టె మీదే అచ్చువేసి ఉంది.

టెక్నీషియన్ గది చూపమన్నాడు. ఇనుప తలుపున్న గది మేడమీద ఒక్కటే. దొంగల భయంతో అదే చూపాను. బిగించాక ఇన్‌స్టలేషన్ సర్టిఫికెట్ మీద ప్రధానోపాధ్యాయుడు సంతకం చేస్తేనే కంపెనీ పని పూర్తయినట్టు. చేసేశాను. తిరుపతిలో మాది పాత్రల అంగడి. బిందెను తట్టి, నీళ్లు పోసి చూడనిదే ఎవరూ కొనరని ఎరిగి పెరిగినవాణ్ని. ఉచితంగా వచ్చిన సరుకును మాత్రం తట్టి చూడలేదు.

పదో తరగతి హర్షిత చక్రాల కుర్చీలో బడికి వచ్చేది. సైన్సు పీరియడుకు తరగతంతా మేడెక్కితే, ఆ పిల్ల వరండాలో కూర్చుని, తర్వాత స్నేహితురాళ్ల నోట్సు చూసి రాసుకునేది. నాకది మూడు వారాలకు గానీ కనబడలేదు.

"నోట్సులో గుండె బొమ్మ ఉండాది సార్. పైన బోర్డులో అయితే కొట్టుకుంటా ఉండాదంట గదా," అంది హర్షిత.

నాకు ఒళ్లు మండింది. వరండాకు ర్యాంపు కట్టి, ఫోటో తీసి పైకి పంపిన బడి అది. చదువును మాత్రం ఇరవై రెండు మెట్ల పైన పెట్టింది. పెట్టినవాణ్ని నేనే.

బోర్డును కిందికి మార్చమంటే, కదిపితే వారంటీ పోతుందంది కంపెనీ. స్థలం ఫోటోతో నమోదైంది, మార్చాలంటే అనుమతి కావాలంది పై కార్యాలయం. అక్కడి గుమాస్తా ఇంకో అడుగు ముందుకేశాడు: "ఒక్క పిల్ల కోసరం ఇంత రచ్చేంది సార్? నలుగురు ఎత్తుకొని పోతే సరిపాయె గదా!"

సిగ్గు లేకుండా ఆ మాట హర్షితను అడిగాను కూడా.

"నేనేమన్నా బియ్యం మూటనా సార్?" అంది.

సంతకానికి ముందు బేరమాడి ఉంటే టెక్నీషియన్ ఆ రోజే కింద బిగించేవాడు. డబ్బిచ్చేశాక బేరానికి దిగేవాణ్ని చూసి మా నాయన నవ్వేవాడు.

దసరా సెలవుల్లో కింది స్టాఫ్‌రూముకు ఇనుప తలుపు వేయించి, అనుమతి కోసం ఆగకుండా ఊరి ఎలక్ట్రీషియన్‌తో బోర్డు దింపించాను. స్టాఫ్‌రూము మేడకెక్కింది. మోకాళ్ల నొప్పులని ఇద్దరు టీచర్లు వారం రోజులు నాతో మాట్లాడలేదు. మెట్లు కష్టమని వాళ్లకు అప్పుడే తెలిసింది! వారంటీ పోయింది. వివరణ కోరుతూ మెమో వచ్చింది. అనుమతి వచ్చేసరికి హర్షిత పబ్లిక్ పరీక్షలు రాసి వెళ్లిపోయింది. జూన్ నుంచి దసరా దాకా జరిగిన పాఠాలు ఆమెకు మళ్లీ ఎవరూ చెప్పలేదు. ఆ ఏర్పాటు చేయాల్సినవాణ్నీ నేనే.

కొత్త పరికరం వస్తే ముందు హాజరుపట్టీ తీసి, పేరుపేరునా చదివి, ఆ గదిదాకా ఎవరు రాలేరో చూడాలి. ఒక్కరు రాలేకపోయినా గది మార్చాలి. సంతకం ఆ తర్వాత.