ఆ పిల్లవాడి ఆరో వేలు

కొత్తగా రాసేవాళ్ళకు రెండు మంచి మాటలు చెప్పమని ఎవరైనా పిలిచినప్పుడల్లా నా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మింగేసి మాట్లాడతాను. చప్పట్లు కొట్టించుకుని ఇంటికొస్తాను. ఏళ్ళ తరబడి ఇదే తంతు. మీరూ రాయాలనుకుంటున్నారు. నా పేరు మీకు తెలియదు. కాబట్టి మీకు చెప్పేస్తాను. బాగా రాసే ఒక అమ్మాయి చేత నేను రాత మాన్పించాను. అంతకు ముందే ఆమె అక్క కాపురం కూల్చాను. పొరపాటున కాదు, తెలిసే చేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. సత్తుపల్లిలో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. నావి నాలుగు కథలు అచ్చయ్యాయి, అంతే, నేల మీద కాలు నిలిచేది కాదు. ఆదివారాలు ఒక క్లాసు గది తెరిపించి, రాయాలని ఉబలాటపడేవాళ్ళను కూర్చోబెట్టి ఉపన్యాసాలు దంచేదాన్ని. మీ ఇంట్లో జరిగింది రాయండి, మొహమాటపడితే కథ చస్తుంది అనేదాన్ని. ఆ మాట తప్పా? కాదు, ఇప్పటికీ అదే నమ్ముతాను. కానీ మొహమాటం వదిలేది ఒకరైతే దెబ్బ తగిలేది ఇంకెవరికో అని ఒక్కనాడైనా ఆలోచించానా? లేదు.

స్వరూప అడవి అంచునున్న ఊరి నుంచి వచ్చేది. అక్కడ అంగన్‌వాడీ టీచరు. వెనక బెంచీలో కూర్చునేది. బస్సు టైమ్ కాగానే చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా జారుకునేది. ఏడాది దాకా ఒక్క ముక్క చదివి వినిపించలేదు. తర్వాత ఒక కథ తెచ్చింది.

అది ఆమె అక్క పద్మ కథ. పద్మ భర్త బొగ్గు గనిలో కాంట్రాక్టు పని చేసేవాడు. ఒక పొద్దున మొగుడూ పెళ్ళాలు గొడవపడ్డారు. ఆయన డ్యూటీకి పోయాడు. సాయంత్రానికి కొడుక్కి జ్వరం ముదిరింది. దవాఖానాకు పోయే ఆఖరి బస్సు వచ్చింది, ఆగింది. పద్మ ఎక్కలేదు. ఆయనే వచ్చి తీసుకుపోవాలని పంతం. తెల్లారేసరికి పిల్లవాడు పోయాడు. బస్సు రాలేదని అందరికీ చెప్పుకుంది. వచ్చిందని ఒక్క చెల్లెలికే చెప్పింది.

ఆ పిల్లవాడికి కుడిచేతికి ఆరు వేళ్ళు. ఒళ్ళంతా కాలిపోతున్నా ఆ చిన్న వేలు చల్లగా ఉందట. తల్లి దాన్నే పట్టుకుని, జ్వరం తగ్గుతోందని తనకు తాను చెప్పుకుంటూ బస్సును వదిలేసింది. చదివి నేను ఏడ్చాను. ఏడుస్తూనే, అబ్బ, ఇది నా చేతికి ఎందుకు రాలేదని కుళ్ళుకున్నాను. రెండూ నిజమే.

వారం తిరగకుండా స్వరూప ఇంకో ప్రతి తెచ్చింది. "పేర్లు మార్చిన, ఊరు మార్చిన. ఆ వేలు గూడ తీసేసిన మేడం. అది ఉంటే మా దిక్కు ఎవరన్నా పట్టేస్తరు," అంది. సరేనన్నాను. నేనే టైపు చేయించి వారపత్రికకు పంపుతానన్నాను. చేతిరాత కాగితాలు నాకిచ్చి నమ్మకంగా వెళ్ళిపోయింది.

డీటీపీ సెంటర్‌లో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వేలు లేని కథ చప్పగా ఉంది. ఉప్పు లేని కూరలా ఉంది. పాత ప్రతిలోని ఆ నాలుగు వాక్యాలు నాకు కంఠతా వచ్చు. టైపు చేసే అబ్బాయికి చెప్పి కొట్టించాను. ఎవరు చదువుతారులే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక నా శిష్యురాలి కథ చూసి అందరూ నన్ను మెచ్చుకోవాలనుకున్నానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా రెండోదే పైకి వస్తుంది.

కథ అచ్చయింది. మంగలి షాపులో పద్మ మరిది చదివి అన్నకు చూపించాడు.

స్వరూప మా ఇంటికి వచ్చినప్పుడు మొహంలో నెత్తుటి చుక్క లేదు. గుమ్మంలోనే నిలబడింది.

"మేడం, నేను ఆ వేలు తీసేసిన గద?"

ఒక్క క్షణం నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"నువ్విచ్చిందే పంపానమ్మా. నీ రాతే కదా," అన్నాను.

"అట్లనా? తీసేసిన అనుకున్న. మరిచినట్టున్న." చెంగుతో మొహం తుడుచుకుంది. "బావ అక్కను ఒక్కటే అడిగిండు, బస్సు వచ్చిందా అని. అవ్ అన్నది. ఇంట్ల నుంచి తోలేసిండు. నా కొడుకును పేపర్ల ఏసుకున్నవా అని అక్క నన్ను అడుగుతుంది మేడం. ఏం చెప్పాలె?"

నేనేం చెప్పానో తెలుసా? రచయితకు ఇలాంటివి తప్పవు, ధైర్యం తెచ్చుకో అన్నాను. ఛీ. ఆ నోటితోనే అన్నాను. కాగితాలేవని అడిగితే పారేశానన్నాను. అది మాత్రం అబద్ధం కాదు, ఆమె రాకముందే చింపి పొయ్యిలో వేశాను.

కొన్నేళ్ళకు స్వరూప భద్రాచలం బస్టాండులో కనిపించింది. పద్మ పుట్టింట్లోనే ఉందట. ఒకే ఇంట్లో ఉంటూ చెల్లెలితో మాట్లాడదట, ఆమె వడ్డిస్తే తినదట. రాస్తున్నావా అని అడిగాను. ఏం మొహం పెట్టుకుని అడిగానో!

"లేదు మేడం. అంగన్‌వాడిల పిల్లలకు కథలు గూడ చెప్త లేను. పాటలే నేర్పిస్త. నా నోట్ల ఏదీ ఆగదు, నాకే భయం," అంది.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. పక్కన ఎవరూ లేరు. నా బస్సు వచ్చింది, ఎక్కేశాను.

ఇప్పుడు కూడా ఆమె ముందు చెప్పాల్సింది మీ ముందు చెబుతున్నాను, పేరు దాచుకుని. ఇదీ పిరికితనమే, ఎరుగుదును. ఇంకో పాడు నిజం కూడా వినండి: ఆ కథ ఈనాటికీ ఆ వేలితోనే బాగుంది. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మీరు రాయండి, ఇంట్లో జరిగిందే రాయండి. కానీ రాసినవాళ్ళు ఒక మాట కొట్టేశారంటే, దాని వెనక ఎవరి బతుకు ఉందో మీకు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ పెట్టాను.

స్వరూపా, నువ్వు మరిచిపోలేదు. తీసేశావు. తిరిగి పెట్టింది నేను. నీ నోట్లో మాట ఆగుతుంది, ఆగనిది నా చెయ్యి. క్షమించమని అడగను. ఈ నాలుగు మాటలు కాగితం మీద పడ్డాయి, ఇన్నాళ్ళకు గొంతులో అడ్డం కాస్త జరిగింది. నాకు దక్కేది ఇంతే.