డ్రైవర్ దొర గిటారు

పాత గిటార్లు పోగేసే మనుషుల మధ్య నేను చాలాకాలం తిరిగాను. ఇప్పుడు ఎవరైనా ఇంటికొచ్చి, తమ దగ్గర ఓ పాత ఎలక్ట్రిక్ గిటారుంది, అసలుదో నకిలీదో చూసి చెప్పమంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చూడనని ముఖం మీదే చెప్పేస్తాను. వాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. చూసి చెప్పడం వల్ల ఎవరికైనా మేలు జరిగిందా అంటే నాకు తెలిసి లేదు.

మాది జనగామ. తరిగొప్పుల బడిలో పంతులుగా పనిచేసేవాణ్ణి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో పగలు పాఠాలు, సాయంత్రం ధూంధాం ఆటపాటల వేదికలు. డప్పుల మధ్య కరెంటు గిటారు పట్టుకుని నిలబడితే మొదట్లో జనం నవ్వారు. సినిమాల్లో మన యాసకు హాలంతా నవ్వుతుంటే కూర్చుని చూసినవాణ్ణి, ఈ నవ్వు నాకొక లెక్క కాదు. తర్వాత వాళ్ళే అలవాటుపడ్డారు. అలవాటుపడనిది నా ఒళ్ళు. బంద్ అంటే బస్సు ఉండదు, సమ్మె అంటే జీతం ఉండదు, మైకు దొరికిన చోట జనరేటర్ దొరకదు. రాష్ట్రం రాకముందే నాకు నడుంనొప్పి వచ్చింది.

ఆ తిరుగుళ్ళలోనే భూపాలపల్లి అన్న దగ్గరయ్యాడు. బొగ్గుబాయిలో ఉద్యోగం. నాకన్నా బాగా పెద్దవాడు, నన్ను తమ్మీ అని పిలిచేవాడు. ఆయన పుట్టి పెరిగింది మహబూబాబాద్‌లో. కాగితాల మీదే ఆ పేరు, మా నోట్లో అది మానుకోటే. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. మీసాలు మొలిచే వయసులో అన్నకు గిటారు నేర్పింది రైలింజను నడిపే ఒక ఆంగ్లో ఇండియన్. క్వార్టర్స్‌లో అందరూ ఆయన్ని డ్రైవర్ దొర అనేవారట. దొర దగ్గర అమెరికాలో తయారైన ఎలక్ట్రిక్ గిటారు ఉండేది. క్రిస్మస్ ఆరాధనలో ఆయన దాన్ని వాయిస్తుంటే స్టేషన్ అవతల దాకా వినపడేదని అన్న ఎన్నిసార్లు చెప్పాడో. ఉద్యోగం అయిపోయాక దొర కుటుంబంతో ఎటో వెళ్ళిపోయాడు. పోతూ పోతూ గిటారు అమ్మేశాడు. ఎవరికి అమ్మాడన్నది ఎవరూ చెప్పలేకపోయారు.

అన్న పాత గిటార్లు పోగేయడం మొదలైంది అక్కడే. దొర గిటారు కోసం వెతుక్కుంటూ పోయి, అది కనపడక, కనపడ్డవాటిని ఇంటికి తెచ్చుకునేవాడు. కలకత్తాలో చేసినవి, మూతపడ్డ బ్యాండు మేళాల ఇళ్ళల్లో మూలన పడి ఉన్నవి. ఆయన క్వార్టర్ ముందుగదిలో అలాంటివి ఐదు గోడకు వేలాడేవి. అన్నీ నిఖార్సైన పాతవే. ఆదివారం చర్చి నుంచి రాగానే ఒక్కొక్కటే దించి తుడిచి మళ్ళీ తగిలించేవాడు. ఈ ఇంట్లో మనుషులకన్నా గిటార్లకే స్నానాలెక్కువని వదిన దెప్పిపొడిచేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

ఇక మానుకోటలో ఉండే వడ్లాయన. దర్వాజలు, కిటికీలు చేసే వడ్రంగి. చుట్టుపక్కల చర్చిల్లో దెబ్బతిన్న గిటార్లు బాగుచేసీ బాగుచేసీ ఆ పనిలో చెయ్యి తిరిగింది. మెడ విరిగిన గిటారు ఆయనకిస్తే, తిరిగి వచ్చాక అతుకు ఎక్కడుందో మనం వెతుక్కోవాలి. మంచి మాటకారి. ఆయన కొట్టంలో కూర్చుంటే పొద్దు పోయేది తెలిసేది కాదు. జనగామలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు దర్వాజ ఆయనతోనే చేయించాను. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేదాకా దర్వాజ లేపనివ్వలేదు. తొందరపడిన మేస్త్రీని నలుగురిలో కడిగి పారేశాడు.

ఒకనాడు ఈ వడ్లాయన అన్నకు ఫోన్ చేసి, డ్రైవర్ దొర గిటారు దొరికిందన్నాడు. డోర్నకల్ దగ్గర ఒక ముసలమ్మ ఇంట్లో, అటక మీద ఉందట. ఆమె పెనిమిటి దొర చేతిలో నుంచే కొన్నాడట. ఇప్పుడు ఆమె మనుమడు చర్చిలో బ్యాండు పెట్టుకుంటున్నాడు, అతనికి డబ్బు అక్కర్లేదు, వాయించుకోవడానికి గిటార్లు కావాలట. అన్న ఒక్క పూట కూడా ఆలోచించలేదు. గోడ మీది ఐదూ దించి, దుప్పట్లలో చుట్టి, జీపు మాట్లాడుకుని మానుకోటకు బయలుదేరాడు. నన్నూ అక్కడికి రమ్మన్నాడు.

కొట్టంలో బల్ల మీద, పాత చీర కప్పి, గిటారు ఉంది. రంగు వెలిసిపోయి, చేయి ఆనే చోట కొయ్య బయటపడి ఉంది. తీగల కింది తెల్ల ప్లాస్టిక్ ప్లేటు పసుపుపచ్చగా మారింది. స్క్రూలు తుప్పుపట్టాయి. తర్వాత తెలిసిందేమంటే ఆ ప్లేటు టీ డికాషన్‌లో నానింది, స్క్రూలు ఉప్పునీళ్ళలో నానాయి, మిగతాదంతా పొయ్యి మీద పొగలో నెలల తరబడి వేలాడింది. ఆ పూట మాత్రం నా కంటికి అది అచ్చమైన పాతదే.

"ఒక్క స్క్రూ గూడ తిప్పలే సార్. ఎట్లొచ్చిందో గట్లనే ఉన్నది" అన్నాడు వడ్లాయన నాతో.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళకు దీన్ని మించిన మాట లేదు. విప్పని గిటారంటే వాళ్ళకు కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది. విప్పితే విలువ పోతుందని ఒకరికొకరు చెప్పుకుంటారు. లోపలేముందో ఎవరూ చూడకూడదన్న నియమం మోసగాడికి ఎంత అనువైనదో వాళ్ళల్లో ఒక్కరికీ తట్టదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అన్న గిటారు ఒళ్ళోకి తీసుకుని, యాంప్లిఫయర్‌కు తగిలించి, క్రిస్మస్ పాటది ఒక చిన్న ముక్క వాయించాడు. ఆపి, నా వైపు చూశాడు. గిదే తమ్మీ, గిదే మోత అన్నాడు. ఆ రంపపు పొట్టులోనే కూలబడి ఏడ్చాడు. వడ్లాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు మాత్రం దొంగవని నేను ఇప్పటికీ అనలేను.

ఆ తర్వాత అన్నను పట్టుకోవడం కష్టమైంది. బాయి నుంచి రాగానే గిటారే. చర్చిలో, వేదికల మీద, ఎక్కడ వాయించినా ముందు దొర కథ చెప్పేవాడు. ఇది పరాయి వస్తువు, నా ఇంట్లో ఉండకూడదు అని కూడా మొదలుపెట్టాడు. వచ్చే క్రిస్మస్‌కు మానుకోట చర్చికి దొర పేరు మీద ఇచ్చేస్తానని, పాత రైల్వే వాళ్ళు ఎంతమంది బతికుంటే అంతమందిని పిలిచి వాళ్ళ ముందు వాయిస్తానని పాస్టరుతో మాట్లాడి వచ్చాడు. ఇంత వెతికి తెచ్చుకుని ఇచ్చేయడమేమిటని నేనంటే, దొర నాకు ఉట్టిగనే నేర్పిండు గద, పైస తీసుకున్నడా అన్నాడు.

అంతలో పెద్ద సమ్మె వచ్చింది. బళ్ళు మూతపడ్డాయి, బాయిలు ఆగిపోయాయి, బస్సులు డిపోలు దాటలేదు, రైళ్ళు కూడా నిలిచిపోయాయి. భూపాలపల్లిలో రోడ్డు మీదే వంటావార్పు, అక్కడే ఆటపాట అని అన్న రమ్మన్నాడు. జనగామ నుంచి లారీ ఎక్కి హనుమకొండ, అక్కడి నుంచి ఇంకో లారీలో పరకాల, ఆపైన ఎవరిదో బండి వెనకాల కూర్చుని చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రోడ్డు నడుమ రాళ్ళ పొయ్యిల మీద పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది. పొగ, ఎండ, డప్పు. అన్న వేదిక మీద ఉన్నాడు.

రెండో పాట నడుమ గిటారు మోగడం మానేసింది. లోపల వైరు తెగి ఉంటుందని, విప్పి అతకాలని చెప్పాను. అన్న మొదట ఒప్పుకోలేదు. స్క్రూ తిప్పితే ఎట్లా అని పరేషాన్ అయ్యాడు. జనం చూస్తున్నారు, పాట ఆగిపోయింది, ఇక తప్పదని నా చేతిలో పెట్టి, తన బిడ్డకు సూది వేస్తుంటే చూడలేని తండ్రిలా అటు తిరిగి నిలబడ్డాడు.

వేదిక వెనకాల కూర్చుని ప్లేటు విప్పాను. తీగల మోతను అందుకునే పికప్పు కూర్చునే గుంత అడుగున, రంగు పడని కొయ్య మీద, పసుపు పూసి ఉంది. దాని నడుమ కుంకుమ బొట్టు.

అమెరికాలో తయారై, చర్చికి పోయే ఇళ్ళల్లోనే మసిలి, ఇంతవరకు ఎవరూ స్క్రూ తిప్పని గిటారు లోపల ఆ బొట్టు ఎవరు పెడతారు? నాకు మా ఇంటి దర్వాజ, మేస్త్రీ మీద లేచిన వడ్లాయన గొంతు గుర్తొచ్చాయి. ఇంకేం ఆలోచించాల్సిన పని లేకపోయింది. తెగిన వైరు అతికి, ప్లేటు బిగించి, గిటారు అన్నకిచ్చాను. ఆయన వాయించాడు. జనం ఈలలు వేశారు. నేను జనరేటర్ పక్కన కూర్చుండిపోయాను. విస్తట్లో అన్నం పెట్టి తినమంటే సయించలేదు.

రైళ్ళు మళ్ళీ తిరగడం మొదలుకాగానే మానుకోట వెళ్ళాను. వడ్లాయన కిటికీ చట్రానికి చిత్రిక పడుతున్నాడు. బొట్టు చూశానని చెప్పాను. ముసలమ్మే పెట్టిందేమో అన్నాడు. స్క్రూ తిప్పలేదన్నది నువ్వే కదా అంటే చిత్రిక పక్కన పెట్టి కూర్చున్నాడు. ఆ తర్వాత ఏదీ దాచలేదు. ముసలమ్మ లేదు, మనుమడు లేడు. అన్న దగ్గర తీసుకున్న ఐదు గిటార్లకు రంగు మార్చి, తలల మీద అమెరికా కంపెనీల పేర్లు రాసి, పట్నంలో పాత వస్తువులు కొనేవాళ్ళకు అంటగట్టాడు. నిజమైన పాతవాటిని దొంగవి చేసి, దొంగదాన్ని నిజమని అన్నకు ఇచ్చాడన్నమాట. అంత పనిమంతుడివి, ఇంత చేసినవాడివి, ఆ బొట్టు ఎందుకు పెట్టావని అడిగాను. వెటకారంగానే అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "బొట్టు వెట్టకుంట సామాను ఎట్ల బిగిస్త సార్? పాపం గాదా?"

నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి అన్నాడు. "అన్న సంబురం మీరు గూడ జూసిన్రు గద. నేను జెప్పింది అబద్ధం గని, ఆయన సంబురం అబద్ధమా? ఇప్పుడు జెప్పి మీరేం ఇస్తరు ఆయనకు?"

ఆ మాట రైల్లో కూడా వదల్లేదు. చెప్పకుండా ఉండిపోదామని కూడా అనిపించింది. కానీ క్రిస్మస్ దగ్గరపడుతోంది. దొర గిటారును కళ్ళారా చూసిన ముసలివాళ్ళు ఆ చర్చిలో ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ళలో ఏ ఒక్కరు ఇది కాదన్నా అన్న అందరి ముందూ తల ఎత్తుకోలేడు. ఎవరో అనడం కన్నా నేను చెప్పడమే నయమనుకున్నాను.

నేను భూపాలపల్లి వెళ్ళేసరికి అన్న పొద్దుటి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, బనీనుతోనే కూర్చుని ఉన్నాడు. కనురెప్పల అంచున బొగ్గు మసి ఇంకా పోలేదు. గోడ మీద ఆ ఐదింటి మేకులు అలాగే ఉన్నాయి. నేను డొంకతిరుగుడు లేకుండా అంతా చెప్పాను. ఆయన విప్పమన్నట్టు గిటారు నా ముందు పెట్టాడు. ఈసారి అటు తిరగలేదు. బొట్టును చాలాసేపు చూశాడు. వేలితో తడిమాడు. వదిన టీ తెచ్చి, మా ముఖాలు చూసి, గ్లాసులు అక్కడే పెట్టి లోపలికి పోయింది.

ఐదు గిటార్లేమయ్యాయని అడిగాడు. చెప్పాను. తలూపాడు. వడ్లాయనను తిడతాడేమో, పోలీసు స్టేషన్‌కు పోదామంటాడేమో అని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకూ కాస్త తేలిక అయ్యేది. పాస్టరుకు ఫోన్ చేసి చెప్పాలె అన్నాడు. గిటారు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు కానీ తీగ ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుని, దేన్నో వినడానికి ప్రయత్నిస్తున్నట్టు కూర్చున్నాడు. ఎంతసేపటికో కళ్ళు తెరిచాడు.

"గిటార్లు పోతె పోనీ తమ్మీ. గిన్నేండ్ల సంది దొర వాయించింది నా చెవుల్ల ఉండె. బాయిల దిగినప్పుడు గూడ వినవడేది. గిది వచ్చినంక, గిదే అది అనుకుంట రోజు వాయించిన. ఇప్పుడు దొర మోత ఎట్లుండెనో యాదికొస్తలేదు. కండ్లు మూసుకుంటె వడ్లాయన గిటారే వినవడుతున్నది."