మెకానిక్ సిరీస్‌లో మంచీ చెడూ

ఆ కార్టూన్ బొమ్మల సిరీస్‌ను నా అంత పట్టుబట్టి, నా అంత తిట్టుకుంటూ చూసినవాళ్లు మా ఉదయగిరిలో ఇంకొకరు ఉండరు. అంతరిక్ష నౌకలు, గ్రహాల మధ్య యుద్ధాలతో వచ్చిన పెద్ద సినిమాల్లో ఒక ముసలి మెకానిక్ ఉంటుంది. హీరో నౌకను బాగుచేసి పంపుతుంది. అతను వెనక్కి తిరిగి చూడకుండా ఎగిరిపోతాడు. ఆమె పాత్ర అంతే. తర్వాత ఆమె ఒక్కదాని కథనే బొమ్మల సిరీస్‌గా తీశారు.

ఆ సినిమాలు నేను చూసింది థియేటర్లో కాదు, బస్సులో. ఆత్మకూరు దగ్గర ఒక బడిలో నేను సైన్సు చెబుతాను. లెక్కలు చెప్పే టీచరు కూడా మా ఊరి నుంచే వచ్చేది. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి బ్యాగు విసిరి సీటు ఆపుకోవడం మా వైపు రివాజు. వయసులో చిన్నది, చురుకైనది కాబట్టి తన బ్యాగుతో పాటు నాదీ ఆమే వేసేది. ఎవరి పక్కన కూర్చోవాలనుకుంటామో వాళ్ల బ్యాగే వేస్తాం, ఊరందరివీ వేయం. ఫోను ఒకటి, ఇయర్‌ఫోను చెరొకటి. గంటన్నర ప్రయాణం తెలిసేది కాదు.

ఆమెకు జలదంకి వైపు బదిలీ అయింది. అప్పటికే మా అవ్వ పోయి ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఇప్పుడు బస్సులో కూడా ఒక్కదాన్నయ్యాను. పక్కన ఎవరో ఒకరు కూర్చునేవాళ్లు, కానీ ఎవరితోనూ మాట కలిసేది కాదు.

సిరీస్ వచ్చిందని ఫోన్ చేస్తే, "నాకు చూసేదానికి టైం యాడుండాదక్కా? నువ్వు చూసి చెప్పు, నేను వింటా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పటినుంచి ఒక్కో ఎపిసోడ్ చూడడం, సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్దడం.

మంచి లేకపోలేదు. సినిమా ఎవరిని పట్టించుకోలేదో వాళ్లకు ఇక్కడ తీరిక దొరికింది. మెకానిక్ ఒక మరను అరగదీస్తుంటే కెమెరా అక్కడే ఆగి చూస్తుంది. మా వీధిలో చెక్క గరిటెలను ఆకురాయితో రుద్దే ఆడవాళ్ల చేతులు గుర్తొచ్చాయి నాకు. ఆమె ఉండే గ్రహం కూడా వానకు మొహం వాచిన మా నేలలాగే ఉంది.

చెడు మాత్రం తక్కువా? కథ కాస్త నెమ్మదిస్తే చాలు, సినిమా హీరోను ఈడ్చుకొస్తారు. మెకానిక్‌ను పక్కన నిలబెట్టి మళ్లీ అతని గొప్పే. తెలుగు డబ్బింగులో గ్రహాంతరవాసులు సైతం వార్తలు చదివినట్టు మాట్లాడతారు. అన్నిటికన్నా పెద్ద తప్పు, చచ్చిపోయినవాళ్లు తర్వాతి ఎపిసోడ్‌లో లేచి వస్తారు. మా అవ్వను సమాధి చేసి వచ్చినదాన్ని, నాకు ఒళ్లు మండిపోయింది. ఇదంతా చెబుతుంటే ఆమె ఊఁ కొట్టేది, నవ్వేది. రోజు మొత్తంలో నేను మనసారా మాట్లాడేది ఆ కాసేపే.

చివరి ఎపిసోడ్ ఒక్కటే మిగిలింది. ఆరోజు ఫోన్ చేసేసరికి ఆమె బస్టాండులో ఉంది. "హీరోను మళ్లీ తెచ్చినారంటే సిరీస్ నాశనమే" అని నేను లెక్చరు మొదలుపెట్టాను. ఇంతలో బస్సు వచ్చిన చప్పుడు. ఆమె గట్టిగా కేకేసింది.

"అక్కా, నా బ్యాగు కూడా ఏసెయ్ కిటికీలోంచి!"

ఆ అక్క నేను కాదు.

వెంటనే నాతో, తొందర తొందరగా, "వాడు రాడులే అక్కా. ఆమె ఒక్కతే నౌక తోలుకోని పోతాది" అంది.

"నువ్వు చూసినావా?"

"ఎప్పుడో చూసినామక్కా, ఈ అక్కా నేనూ, బస్సులో. నువ్వు అంత సంబరంగా చెప్తా ఉంటే ఆపబుద్ధి కాలా."

నాకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ నేను చెబుతున్నాననుకున్నాను, ఆమె నన్ను ఓర్చుకుంటోంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆ ఎపిసోడ్ చూశాను. నిజం చెప్పాలంటే మొత్తం సిరీస్‌లో అదే బాగుంది. హీరో రాలేదు, పోయినవాళ్లు తిరిగి రాలేదు, సంగీతం కూడా ఆపేశారు. ఆ మాట ఆమెకు చెప్పాలని నాలుక దురద పెట్టింది.

రెండు రోజులకు ఆమే ఫోన్ చేసింది. "చూసినావా అక్కా? ఎట్టుండాది?"

చూశానంటే ఇక మేము చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

"ఇంకా చూళ్లేదు" అన్నాను.

"సరే, చూసినాక చెయ్యి. నేను వింటా" అంది.

నెల దాటింది. ఇంకా చూళ్లేదనే చెబుతున్నాను.