అగ్గిపుల్లల రైలుకు సీసం బరువు

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే డాక్టరు దగ్గర మీరు ఏమేం చెబుతారు? నొప్పి ఎక్కడో చెబుతారు. ఎప్పటినుంచో చెబుతారు. ఉద్యోగం ఏమిటని అడిగితే అదీ చెబుతారు. ఆ మనిషి సాయంత్రం ఇంటికొచ్చి, చొక్కా విప్పి, తన చేతులతో ఏం చేస్తాడో ఎప్పుడైనా చెప్పారా? మేము చెప్పలేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ ఒక్క మాట బయటికి వచ్చేలోపు నా భర్త కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది.

మాది తమిళనాడులో కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా నాన్న సంఘసంస్కరణ సభల్లో ఉపన్యాసాలు విని పెరిగినవాడు. తెలుగింట్లో పుట్టిన నాకు తమిళరసి అని పేరు పెట్టాడు, తెలుగు అక్షరాలు మాత్రం తనే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. మా పెళ్ళి పూజారి లేకుండా జరిగింది. నా భర్త గురుసామిని నేను పేరు పెట్టే పిలుస్తాను. మా అత్త దాన్ని ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు.

గురుసామి అగ్గిపెట్టెల కంపెనీలో ప్యాకింగ్ మిషన్లు బాగుచేసే మెకానిక్. ఇంటికొస్తే వెనకగదిలో రైళ్లు కడతాడు. చిన్నప్పుడు మా ఊరి మీదుగా పొగ చిమ్ముకుంటూ పోయిన మీటర్‌గేజ్ ప్యాసింజరును అరచేతిలో పట్టే కొలతలో మళ్ళీ కట్టాలని ఆయన పట్టుదల. మోటార్లూ చక్రాలూ పార్సిల్లో వస్తాయి. మిగతాదంతా ఆయన చేతిపనే. మందు అంటించని అగ్గిపుల్లల్ని ఒకదాని పక్కన ఒకటి అతికి పెట్టెల గోడలు కడతాడు. ఇత్తడి రేకు చుట్టి ఇంజనుకు బాయిలరు చేస్తాడు. ఎప్పుడైనా తయారైన ఇంజను కొన్నా దాన్ని అలా ఉండనివ్వడు. పైకప్పు కోసి మార్చి, దీపం మార్చి, రంగు మార్చి, బొగ్గుపొడితో పొగమరకలు అద్ది, మా లైను మీద తిరిగిన ఇంజను ఇదే అనిపిస్తాడు.

పుల్లలతో కట్టిన పెట్టెలతో ఒక చిక్కుంది. అవి మరీ తేలిక. మలుపు వస్తే పట్టాలు తప్పుతాయి. అడుగున బరువు పెట్టాలి, పెట్టడానికి చోటేమో తక్కువ. అందుకని ఆయన సీసం వాడేవాడు. పాత సామాన్ల కొట్లో పాడైపోయిన బ్యాటరీల సీసం దొరికేది. దాన్ని పాత ఇనుప గరిటెలో వేసి స్టవ్ మీద కరిగించి, అచ్చులో పోసి, చల్లారాక ఆకురాయితో రాకి సరిపెట్టేవాడు. పక్కన డబ్బాలో మా ఊరి కడలమిఠాయి, అదే వేరుశనగ చిక్కీ, ఉండేది. ఆ బెల్లం పాకం అంటిన వేళ్ళతోనే రాకడం, రాకిన వేళ్ళతోనే ఇంకో ముక్క నోట్లో వేసుకోవడం. ఎన్నో ఏళ్ళ అలవాటు అది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ డబ్బా మూత పెట్టి పక్కకు జరిపాడు.

"ఏం గురూ, మిఠాయి వద్దా?" అన్నాను.

"కడుపు పట్టి పిండతా ఉండాది, అరసీ. తర్వాత తింటా."

ఆయన కడలమిఠాయి వద్దనడం నేను అంతకుముందు వినలేదు. ఏదో తేడాగా ఉందని నాకు అనిపించిన మొదటి రోజు అదే.

తర్వాత మెలిపెట్టే నొప్పి తరచుగా వచ్చింది. మలబద్ధకం. మొహం పాలిపోయింది. మా ఊళ్ళో చూపించాం. "గ్యాస్ ట్రబుల్, కారం తగ్గించండి" అన్నారు. తగ్గలేదు. ఎండోస్కోపీ చేశారు. అల్సర్ లేదన్నారు. హీమోగ్లోబిన్ తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు. ఉద్యోగం ఎక్కడని అడిగారు. అగ్గిపెట్టెల కంపెనీ అనగానే, "కెమికల్ సెక్షనా?" అన్నారు. కాదు, మిషన్లు అన్నాం. "అయితే టెన్షన్ అయ్యుంటుంది" అన్నారు. ప్రశ్న అక్కడితో ఆగిపోయింది.

నొప్పితోనే ఆయన ఇంజను పని ముగించాడు. దాన్ని పట్టాల మీద పెట్టబోతూ కుడిచేత్తో ఎత్తాడు. చెయ్యి మణికట్టు నుంచి కిందికి వేలాడింది. ఇంజను బల్ల మీద పడింది. పట్టుకుందామని మళ్ళీ చాపాడు. వేళ్ళు లేవలేదు. ఆయన ఇంజను వైపు చూడలేదు. చేతి వైపే చూస్తూ కూర్చున్నాడు.

స్ట్రోకేమోనని సీటీ స్కాన్ తీశారు. మెదడులో ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్న కాగితం పట్టుకుని ఇంటికొస్తే అత్త దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, చేతబడి అని.

"కుడిసెయ్యే ఎందుకు పడ్డాదో సూస్తివా అరసీ? సంపాదించే సెయ్యి. ఎవురో సెయ్‌వినై పెట్టినారు. కారియాపట్టి దావలో ఒకాయన ఉండాడంట. వచ్చి తీసేస్తాడంట."

"ఏం తీస్తాడత్తా?"

"నిమ్మకాయ, ఎంటికలు, బొమ్మ. మన గడప కిందనుంచే తవ్వి తీస్తాడంట."

"సెరి, రమ్మను. లోపలికి వచ్చేముందు ఆయన సంచి మాత్రం నేను ఇప్పి సూస్తా."

"నీకు అన్నీ వాదమే. నా కొడుకు ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకోలేకుండా ఉండాడు. దానికేమి సెప్తావు?"

నాన్న దారిలోనే నేనూ సభలకు వెళ్ళి, చేతబడి బూటకమని ఎన్నో వేదికల మీద మాట్లాడాను. ఆ పూట మాత్రం ఆమె అన్నం కలిపి కొడుకు నోట్లో పెడుతుంటే నేను నీళ్ళగ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఎడమచేతికి ఆమె పసుపుదారం కడుతున్నా అడ్డుపడలేదు. ఆ రోజు ఒకటి ఆలోచించాను. అత్త చేతబడి అంది. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకో డాక్టరు టెన్షన్ అన్నాడు. చెప్పినవాళ్ళ చదువులు వేరు. మాటలు చేసిన పని ఒకటే, తర్వాతి ప్రశ్న పుట్టకుండా చేశాయి. చెప్పాలంటే, కుడిచెయ్యే ఎందుకు అని అడిగింది మా అత్త ఒక్కతే.

విరుదునగర్‌లో నరాల జబ్బులు బాగా చూసే డాక్టరమ్మ ఉన్నారని తెలిసి ప్యాసింజరు ఎక్కాం. గురుసామి జేబులో సగం పూర్తయిన గార్డు పెట్టె ఉంది. ఆయన కడుతున్న బండికి చివరి పెట్టె అది. ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఎడమచేత్తో దాన్ని ముందుకూ వెనక్కూ దొర్లిస్తూ ఉన్నాడు. లోపలికి పిలిచినప్పుడు అది చేతిలోనే ఉండిపోయింది.

డాక్టరమ్మ వాలిన చెయ్యి పరీక్షించారు. "ఇది రిస్ట్ డ్రాప్. మణికట్టును ఎత్తే నరం, రేడియల్ నర్వ్, దెబ్బతింది. ఎందుకో చూడాలి" అని, ఆయన ఎడమచేతిలోది ఏమిటని అడిగారు. ఆయన ఇచ్చాడు. ఆమె తమిళంలో మాట్లాడారు, నేను తెలుగులో రాస్తున్నాను.

"బాగుందే. దేంతో చేశారు?"

"అగ్గిపుల్లలతో, మేడమ్."

ఆమె దాన్ని అరచేతిలో రెండుసార్లు ఎగరేసి చూశారు. "పుల్లలైతే ఇంత బరువెందుకు?"

జబ్బు మొదలైనప్పటినుంచి నేను చూడని వెలుగు ఆయన మొహంలోకి వచ్చింది. "అడుగున సీసం పోశాను మేడమ్. లేకుంటే మలుపులో నిలబడదు."

"పోశానంటే? కరిగించా?"

"ఆమా, కరిగించే మేడమ్. ఇంట్లోనే, వెనకగదిలో."

"కిటికీ తెరిచి పెడతారా?"

"మూస్తాను. గాలికి స్టవ్ ఆరిపోతుంది. తడి పెయింటు మీద దుమ్ము పడుతుంది."

"నోరు తెరవండి."

టార్చి వేసి చిగుళ్ళు చూశారు. నన్నూ చూడమన్నారు. పళ్ళ మొదట్లో చిగుళ్ళ వెంట సన్నగా నీలపు గీత ఉంది. రోజూ ఆ నోటిని చూస్తున్నదాన్ని నేను.

"పని చేసేటప్పుడు ఏమైనా తింటారా?"

ఆయన నా వైపు చూశాడు. కడలమిఠాయి అని నేనే చెప్పాను. ఆమె గార్డు పెట్టెను కాగితం మీద పెట్టి, కుళాయి దగ్గరకు వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నారు. మమ్మల్నీ కడుక్కోమన్నారు. అప్పటికి మాకు సగం అర్థమైంది.

రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి పెరిఫెరల్ స్మియర్ చూశారు. రక్తంలో సీసం ఎంతుందో తెలిపే బ్లడ్ లెడ్ లెవెల్ కోసం శాంపిల్ బయటి ల్యాబుకు పంపారు. నరం ఎంత పనిచేస్తోందో చూసే నర్వ్ కండక్షన్ టెస్టు చేశారు. రిపోర్టు వచ్చాక ఆమె చెప్పింది ఇది: "కడుపునొప్పి, అనీమియా, ఈ చెయ్యి, మూడూ ఒకే జబ్బు. లెడ్ పాయిజనింగ్, ఒంట్లో సీసం విషం. చిగుళ్ళ మీది ఆ గీత కూడా దాని గుర్తే. చెలేషన్ మొదలుపెడదాం. మందు సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి తెస్తుంది. కానీ ఒకవైపు తీస్తుంటే ఇంకోవైపు లోపలికి పోకూడదు. ఆ గది మూసెయ్యండి."

"చెయ్యి లేస్తుందా మేడమ్?" అన్నాడు ఆయన.

"లేవొచ్చు. ఎంత లేస్తుందో ఇప్పుడు చెప్పలేను. నరం మెల్లగా కోలుకుంటుంది."

మణికట్టు వాలిపోకుండా చేతికి స్ప్లింట్ వేశారు. ఆస్పత్రిలో మొదటి కోర్సు అయింది. కడుపునొప్పి తగ్గింది. చెయ్యి మాత్రం లేవలేదు. ఇంటికొచ్చి హాల్లో కూర్చుని ఫిజియోథెరపీ చేసేవాడు. కంపెనీ సంగతి ఎత్తేవాడు కాదు. మూత బిగించిన డబ్బాలో ఉన్న గార్డు పెట్టెనే తలుచుకునేవాడు.

"గార్డు లేకుండా బండి ఎట్ల బయలుదేరతాది అరసీ?"

"ఎవురు పొమ్మన్నారు గురూ? స్టేషన్లోనే నిలబడనీ."

మళ్ళీ రక్తం చూస్తే లెవెల్ పెరిగింది. ఈసారి అత్తనూ వెంటబెట్టుకుని విరుదునగర్ వెళ్ళాం. డాక్టరమ్మ నిదానంగా చెప్పారు. "ఎముకల్లో దాగిన సీసం మందు ఆపాక రక్తంలోకి వస్తుంది. కొంత పెరగడం మామూలే. ఇది ఎక్కువగా ఉంది. ఆ గదిలోకి ఎవరైనా వెళ్తున్నారా?"

తాళం వేశామన్నాను. పక్కనున్న అత్త గొంతు సవరించుకుంది.

"తాళం తీసి నేనే పోతా ఉండాను. పొద్దున పొద్దున చిమ్మతాను. నా కొడుకు సామాను దుమ్ము పట్టి పడుంటే వాడి సెయ్యి ఎట్ల వస్తాది? ఒక్కొక్క పెట్టె కొంగుతో తుడిసి పెడతాను."

రోజూ పొడిచీపురుతో చిమ్మి, ఆ దుమ్మును హాల్లోంచి బయటికి తోస్తోందన్నమాట. హాల్లో ఆయన చెయ్యి చాచి కూర్చుంటాడు. నేను విసురుగా అత్త వైపు తిరిగాను. డాక్టరమ్మ మాత్రం కోప్పడలేదు. "అవ్వా, మీ రక్తం కూడా ఒకసారి చూద్దాం" అన్నారు.

అత్త రక్తంలోనూ సీసం వచ్చింది. ఆమెకు మందు అవసరం పడేంత లేదు, ఉండకూడనంత ఉంది. తిరుగు ప్రయాణంలో సాత్తూరు దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించింది.

"అరసీ, నాకూ ఉండాదంటే, నాకెవురు సెయ్‌వినై పెట్టేది? పెట్టి ఏమి తీసుకుంటారు, ఈ రెండు పళ్ళా?"

గురుసామి నవ్వాడు. తర్వాత నేనూ నవ్వాను. ఆమె కొడుకు చేతి పసుపుదారం తనే విప్పింది. "పాతదయిపోయింది. దురద పెడతాది" అంది. నేను వేదికల మీద ఎంత వాదించినా ఇంత సూటిగా ఎవరినీ ఒప్పించలేదు. ఆమె తనను తానే ఒప్పించుకుంది, అదీ తన చేతికి దొరికిన రుజువుతో.

ఇంటికొచ్చాక ముక్కుకు మాస్కు కట్టి, చీపురు పారేసి, గదంతా తడిగుడ్డలతో తుడిచాం. మిగిలిన సీసాన్ని మూతడబ్బాలో పెట్టి, పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే చోట ఇచ్చేశాం. రెండో కోర్సు చెలేషన్ నడిచింది. లెవెల్ దిగడం మొదలైంది. చెయ్యి ఎప్పుడు లేచిందో మాకు తెలియలేదు. ఒకరోజు పేపరు చదువుతుంటే అత్త అరిచినట్టే అడిగింది.

"నాయనా, ఇప్పుడు ఏ సెయ్యితో కళ్ళద్దాలు ఎగదోస్తివి?"

ఆయన చేతికేసి చూసుకున్నాడు. కుడిచెయ్యి ఇంకా ముక్కు దగ్గరే ఉంది.

ఈ వయసులో బొమ్మరైళ్లేమిటి, మానిపించు అని నాకు సలహా ఇచ్చినవాళ్ళున్నారు. నేను మానిపించలేదు. మనిషి తన ఇష్టంతో చేసే పనిని భయంతో మూయించడం నాకు వైద్యంగా తోచదు. ఇప్పుడు వెనకగదికి పెద్ద కిటికీ ఉంది, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తినేవేవీ లోపలికి పోవు. గడప దగ్గర సబ్బు ఉంది. పెట్టెల అడుగున సీసం తీసేసి ఇనుప నట్లు పెట్టాడు. మలుపు దగ్గర బండి కాస్త ఊగుతుంది, అందుకని వేగం తగ్గించాడు. పట్టు మునుపటంత లేదు. సన్నపని చేసేటప్పుడు వేళ్ళు తొందరగా అలిసిపోతాయి. డాక్టరమ్మ చెప్పినట్టు ఆగి ఆగి చేస్తాడు, రక్తం మళ్ళీ మళ్ళీ చూపించుకుంటాడు. మొన్న గార్డు పెట్టెకు చివరి పుల్ల అతికి, కుడిచేత్తో ఎత్తి, బండి చివర పట్టాల మీద దించాడు. అత్త స్టూలు లాక్కుని కూర్చుంది. బండి బయలుదేరింది.

ఇది చదివి అయ్యో పాపం అనకండి, నాకు అది అక్కర్లేదు. లేవండి. మీ ఇంట్లో ఏదో ఒకటి కరిగించే, రాకే, గీకే, రంగులు కలిపే మనిషి ఉంటే వెళ్ళి ఆ గది కిటికీ ఇప్పుడే తెరవండి. తింటున్నది పక్కకు తీయండి. తర్వాత ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, డాక్టరు అడిగినా అడక్కపోయినా, ఆ చేతులు ఇంట్లో ఏం పని చేస్తాయో నోరు తెరిచి చెప్పండి. ఆ పనిలోంచి వచ్చిన వస్తువొకటి పట్టుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టండి.