మందులకని వెళ్లిన డ్రైవరు

ఈ ఉదయం ఆరూ నలభైకి పాల ఆటో మా వీధి మలుపులో ఆగింది. ప్లాస్టిక్ ట్రేలు ఒకదానికొకటి తగిలిన చప్పుడుకు కిటికీ దగ్గరికి వెళ్లాను. ట్రే మోస్తున్న మనిషి ఎడమ భుజం పైకెత్తి, చిన్న చిన్న అడుగులు వేస్తూ కిరాణా షాపు మెట్లెక్కాడు. బరువు దించి వస్తున్నప్పుడు కూడా ఆ భుజం కాసేపు అలాగే ఉంది. షాహీన్ అక్క చూసి ఉంటే గేటు తీసి వెళ్లి, "అన్నా, నీ నడక జర ఇస్తవా?" అని అడిగేది. అలా అడిగి చాలామంది నడకలు తీసుకుంది. ఆమె పోయాక ఇది రెండో ఎండాకాలం.

ఇబ్రహీంపట్నంలో మాది పక్కపక్క ఇళ్లు. అక్క సొంతూరు రావిర్యాల. బస్టాండు దగ్గర ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బములు, ఫ్లెక్సీలు తయారు చేసేది. పెళ్లి చేసుకోలేదు. ట్రాలీ ఆటో నడిపే తమ్ముడు యూసుఫ్‌తో ఉండేది. నాకు కొంగరకలాన్‌ కలెక్టరాఫీసులో ఉద్యోగం వచ్చి ఆ వీధిలో అద్దెకు దిగాను. పుస్తకాలు చదువుతానని ఎవరు చెప్పారో, ఒక ఆదివారం వచ్చి గుమ్మంలో నిలబడే అడిగింది.

"లతా, మందులు తెస్తనని పోయినోడు ఏమైతడు?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు కూర్చుని చెప్పింది. ఏళ్ల తరబడి నడిచిన ఒక టీవీ సీరియల్లో పెద్దింటి డ్రైవరు ఒకడు, ఆ ఇంటి ముసలావిడను చూసుకునే నర్సు ఒకామె ఉండేవారట. ఇద్దరి మధ్యా పట్టుమని పది మాటలు లేవు. ఒకరోజు నర్సు చీటీ ఇస్తే డ్రైవరు మందులకని గేటు దాటాడు. ఆ తర్వాత అతన్ని చూపించలేదు. ముసలావిడ కోలుకుంది, ఆస్తి తగాదాలు తీరాయి, సీరియల్ అయిపోయింది. డ్రైవరు ఇంకా బయటే ఉన్నాడన్న సంగతి రాసినవాళ్లకు గుర్తు లేదు. అక్కకు ఉంది. వాళ్లిద్దరి కథను, అతను గేటు దాటకముందు నుంచి తిరిగొచ్చేదాకా, తానే అల్లి, బొమ్మల్లో కదిలించి, భాగాలుగా ఇంటర్నెట్లో పెడతానంది. మాటలు నన్ను రాయమంది.

యూసుఫ్‌కు ఇదంతా నవ్వులాట. సీరియలోళ్లే మర్చిపోయిన్రు, నువ్వెందుకు యాది పెట్టుకున్నవ్ ఆపా అని అక్కను ఎగతాళి చేసేవాడు. వాళ్లు మర్చిపోయిన్రు గన్కనే అని ఆమె తల ఎత్తకుండా జవాబిచ్చేది.

మొదటి భాగానికి నేను రాసుకెళ్లిన సంభాషణ ఇప్పటికీ తలచుకుంటే ఇబ్బందిగా ఉంటుంది. వెన్నెల ఉంది, జన్మజన్మల మాట ఉంది. అక్క దాన్ని నర్సు గొంతుతో పైకి చదివింది. సగంలో ఆపి, "గిట్ల మాట్లాడితే నర్సు ముందుగాల్ల వాని బీపీ చూస్తది" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక, ఈ మాట అనేటప్పుడు డ్రైవరు చేతిలో కారు తాళం ఉందా, పక్కన పెట్టాడా అని అడిగింది. నేను ఆలోచించలేదు. చేతులల్ల ఏముందో తెల్వకుండ నోట్లకెల్లి మాట ఎట్ల వస్తదని ఆమె సందేహం.

అప్పటి నుంచి సన్నివేశం ఆడి చూడకుండా నన్ను రాయనిచ్చేది కాదు. ముందు గదిలో కుర్చీ కారయ్యేది, దివాన్ ముసలావిడ మంచమయ్యేది. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి వీడియో తీసేది. తర్వాత ఆ వీడియో మీదే ట్యాబులో గీత వెంట గీత గీసుకుంటూ పోయేది. ఒక మనిషి లేచి తలుపు దాకా వెళ్లడానికి ఆమెకు వారం పట్టేది. ముఖాలు ఊహించి వేసేది. నడకలు మాత్రం ఎవరో ఒకరి దగ్గర అడిగి తెచ్చేది. ఎందుకని అడిగితే, ముఖం ఎట్లన్న గీయొచ్చు, నడక అబద్ధం చెప్తే దొరికిపోతం అంది.

నర్సు నడకను అంగట్లో ఆకుకూరలు అమ్మే మణెమ్మ దగ్గర తీసుకున్నాం. రెండు భాగాలు పెట్టాక చూసేవాళ్లది ఒకటే ప్రశ్న: నర్సు కాలికి ఏమైంది? మళ్లీ చూస్తే నిజమే, ఆమె కుంటుతోంది. అంగడికి వెళ్లి మణెమ్మను అడిగాం. ఆ రోజు కాల్ల ముల్లు ఇరిగింది బిడ్డా, ఎన్నడో తీసేసిన, ఇప్పుడు మంచిగ నడుస్త, మళ్ల తీస్కో అంది. నేను అదే మంచిదన్నాను. అక్క ఒప్పుకోలేదు. రెండు భాగాలు కుంటిన మనిషి మూడో దాంట్లో తిన్నగా నడిస్తే చూసినవాళ్లను మోసం చేసినట్టేనని ఆమె లెక్క. రెండు రోజులు దాని మీదే ఆలోచించింది. మూడో భాగంలో ఒక్క మాట కూడా లేదు. నర్సు కుంటడం డ్రైవరు చూస్తాడు. మరునాడు కారును మెట్లకు కాస్త దగ్గరగా ఆపుతాడు. ఆ మరునాడు ఇంకా దగ్గరగా. అంతే. ప్రేమకథ ఎలా రాయాలో నాకు అప్పుడు కొంచెం తెలిసింది.

అక్కకు కడుపులో నొప్పి మొదలయ్యేసరికి చివరి భాగం ఒక్కటే మిగిలింది. డ్రైవరు తిరిగి రావాలి. దానికి నడక దొరకలేదు. పరుగెత్తే మనుషుల్ని తీసి చూసింది, అలసిపోయినవాళ్లను తీసి చూసింది. ఏదీ కుదరలేదు. ఈలోగా దవాఖానకు తిరగడం ఎక్కువైంది. ఈ భాగం పూర్తవుతుందా లేదా అన్న భయం నాది. నర్సు తలుపు తీసేసరికి అతను అరుగు మీద కూర్చుని ఉన్నట్టు చూపిద్దాం, నడక అక్కర్లేదు అన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది.

"నడిచి రావాలె లతా. గన్ని దినాలు ఎందుకు రాలేదో గా నడకలనే తెలుస్తది."

పట్నంలోని పెద్ద దవాఖానలో ఆమె మంచం వార్డు తలుపుకు ఎదురుగా ఉండేది. ఒక మధ్యాహ్నం యూసుఫ్ మందులకని కిందికి వెళ్లాడు. తిరిగి వస్తుంటే వరండా చివర డాక్టరు అతన్ని ఆపి ఏదో చెప్పాడు. మాకు వినబడలేదు. డాక్టరు వెళ్లిపోయాక యూసుఫ్ మా వైపు నడవడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఉరికినట్టు నడిచే మనిషి. ఆ రోజు మందుల కవరు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. గోడ మీద అంటించిన కాగితం దగ్గర ఆగి చదివినట్టు నిలబడ్డాడు. మళ్లీ నాలుగు అడుగులు వేశాడు.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "తియ్యి."

నాకు చేతులు రాలేదు. మళ్లీ అంది. ఫోను తీశాను. యూసుఫ్ మంచం దగ్గరికి వచ్చాక డాక్టరు ఏమన్నాడని ఆమె అడగలేదు. "అరే, నీ నడక తీస్కున్న. ఇస్తవా?" అని మాత్రం అడిగింది. తీస్కో ఆపా అన్నాడు. మందులు బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

తర్వాత నాతో మెల్లగా చెప్పింది. "డ్రైవరుకు మందు దొర్కకపోయుంటది. ఒట్టి చేతులతోటి ఎట్ల వస్తడు? దొరికేసరికి ఆలస్యమైంది. ఆలస్యమైనంక రానీకి కాళ్లు రాలే." చాలా ఏళ్ల ప్రశ్నకు జవాబు దొరికినందుకు ఆమె ముఖంలో సంతోషం కనబడింది. అది సంతోషమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇంటికి వచ్చాక కొద్దికొద్దిగా గీసింది. అలసిపోయినప్పుడు ఆమె చెబుతుంటే గోడకు, గేటుకు నేను రంగులు వేశాను. చివరి సన్నివేశానికి నేను రెండు పేజీలు రాశాను. అన్నీ కొట్టేసింది. నర్సు తలుపు తీస్తుంది. అతను మందుల షీటు అందిస్తాడు. ఆమె దాన్ని వెలుతురుకు తిప్పి, వెనక వైపు చూసి, "డేటు అయిపోయింది" అంటుంది. అతను "తెల్సు" అంటాడు. నర్సు గొంతు ఎప్పటిలాగే అక్కదే. డ్రైవరు గొంతుకు ఈసారి యూసుఫ్‌ను పిలిచింది. అతను గోడ వైపు తిరిగి నిలబడి ఆ ఒక్క మాటా చెప్పాడు. మళ్లీ చెప్పమని ఆమె అడగలేదు. ఆ భాగాన్ని తన చేత్తోనే పెట్టింది. నెల తిరగకముందే పోయింది.

ఆఫీసులో నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లను తలుపులో అడుగు పెట్టినప్పటి నుంచే చూడడం నాకు అలవాటైంది. ఎవరైనా మెల్లగా వస్తుంటే తొందరపెట్టను, ముందు కూర్చోమంటాను. చివరి భాగం కింద ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు, ఆమె అతన్ని లోపలికి రమ్మందా లేదా అని. అలాంటి ప్రశ్నలన్నిటికీ అక్క ఓపిగ్గా జవాబు రాసేది. ఇప్పుడు ఎవరూ రాయడం లేదు.