పదకొండు వేల కిలోమీటర్లు తిరిగిన కారు

మా బాపు కారు కొనడానికి కారణం ఆయన మోకాళ్లు. మేముండే దేవరకొండకు పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరి హైస్కూలుకు ఆయన హెడ్మాస్టరు. పుట్టినప్పటి నుంచి మా నేల నీళ్లు తాగిన ఒళ్లు కావడంతో, యాభై అయిదేళ్లు వచ్చేసరికి మెడ తిరగడం మానేసింది, నడుము వంగడం మానేసింది, మోకాళ్లు సగం వరకే ముడుచుకునేవి. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి ఎముకల్లో ఫ్లోరిన్ పేరుకుందని చెప్పాడు. తగ్గే మందేదీ చెప్పలేదు. ఒకరోజు పొద్దున బస్సు మెట్టు ఆయన కాలికి అందలేదు. కండక్టరు, మరో ఇద్దరు ప్రయాణికులు కలిసి ఎత్తి లోపలికి చేర్చారు. ఆ సాయంత్రం ఆయన మంచం మీద నిటారుగా కూర్చొని, "రిటైరయ్యేటందుకు ఇంక మూడేండ్లున్నది. గీ మూడేండ్లు ఎట్లన్న బడికి పోవాలె" అన్నాడు. నేనెరిగినంతలో తన కోసం ఆయన కోరుకున్నది అదొక్కటే.

తొంభైల మొదటి సంవత్సరాలవి. నేను నల్లగొండలో డిగ్రీ పూర్తి చేసి ఇంటికి వచ్చి ఏడాది కాలేదు. కాలేజీలో నాకున్న పేరంతా వక్తృత్వపు పోటీల వల్ల వచ్చింది. ఏ విషయమిచ్చినా అనుకూలంగానో ప్రతికూలంగానో మాట్లాడగలిగేవాణ్ణి. ఎదుటివాడు ఆధారం చూపకుండా ఒక్క వాక్యమన్నా లేచి అడ్డుకునేవాణ్ణి. మా జిల్లా నీళ్ల మీద మాట్లాడి గెలిచిన కప్పు కూడా ఒకటుండేది. ఆ కప్పు వచ్చిన తరవాత కూడా మేము ఆ నీళ్లే తాగాము.

నాగార్జునసాగర్ డ్యాం దగ్గరి నందికొండలో ఒక రిటైరైన ఇంజినీరు తన తెల్లకారు అమ్ముతున్నాడని తెలిసింది. బాపును ఇంట్లోనే ఉంచి, దేవరకొండలో కార్లు బాగుచేసే షెడ్డు నడిపే ఉస్తాదును వెంటబెట్టుకొని వెళ్లాను. అరవై దాటిన ముసలాయన. బాపు దగ్గర ఆయన కొడుకులు చదువుకున్నారు. కారు క్వార్టరు పక్కన రేకుల షెడ్డులో ఉంది. ఇంజినీరు కొన్న కొత్తలో ఒకటి రెండేళ్లు దానిలో తిరిగాడట, తరవాత ఉద్యోగానికి ఆఫీసు జీపు వచ్చిందట. కారును ఏటా దసరా నాడు కడిగి, బొట్లు పెట్టి, పూలదండ వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, స్టార్టు చేసి, అవి చితికేదాకా ముందుకు నడిపి, మళ్లీ వెనక్కి షెడ్డులోకి పెట్టేవాడు. "పద్దెనిమిది దసరాలు చేసిన. ఒక్క గీత పడనియ్యలే" అన్నాడాయన. మీటరులో పదకొండు వేల చిల్లర కిలోమీటర్లు కనిపించాయి. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు.

ఉస్తాదు బానెట్ ఎత్తి, రేడియేటరు గొట్టాన్ని బొటనవేలి గోటితో నొక్కి చూశాడు. కింద పడుకొని చాలాసేపు లేవలేదు. లేచి, చేతులు తుడుచుకుంటూ నన్ను పక్కకు పిలిచాడు.

"వద్దు బేటా. రబ్బరంత సచ్చిపోయింది. లోపలేమున్నదో ఖుదాకెరుక."

"పదకొండు వేలే తిరిగింది కద ఉస్తాద్?"

"గదే నేను జెప్పేది. తిరగాలె బండి. తిరిగితెనే బండి."

నేను ఊరుకోలేదు. అరుగుదల అనేది వాడకం వల్ల వస్తుందా, రాదా? వస్తుందని ఒప్పుకున్నాడు. వాడకం తక్కువైతే అరుగుదల తక్కువా, కాదా? అవునన్నాడు. మరి ఈ బండిని వద్దనడానికి ఆధారమేమిటి? ఉస్తాదు నా ముఖం చూసి నవ్వాడు. "మాటల్ల నీతోని నేనేడ గెలుస్త? సారుకు నువ్వే జెప్పు."

ఇంటికి వచ్చి ఇరుపక్షాలూ బాపు ముందుంచాను. ఉస్తాదు మాటను నిజాయితీగానే చెప్పాను. దాన్ని ఎలా ఖండించానో కూడా చెప్పాను. బాపు కళ్లలో కనిపించిన గర్వం నాకు ఇప్పటికీ గుర్తుంది. "నువ్వు చెప్పింది సబబుగనే ఉన్నది. తెద్దాం" అన్నాడు. మేనమామ జీపు మీద నేర్చుకున్న డ్రైవింగుతో కారును నేనే నడిపి తెచ్చాను. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపితే ఆయన కాళ్లు చాపుకొని కూర్చోగలిగాడు. అమ్మ, నేను చెరో పక్క పట్టుకుని కూర్చోబెట్టేవాళ్లం. మొదటి పక్షం రోజులూ ప్రార్థన గంటకు పది నిమిషాల ముందే ఆయన బడిలో ఉన్నాడు.

పదహారో రోజున రేడియేటరు గొట్టం పగిలింది. ఆ తరవాతి వారం వెనక చక్రం దగ్గర బ్రేకు నూనె కారింది. హారను తీగలను ఏనాడో ఎలుకలు కొరికి పెట్టాయి. ఇవన్నీ కంటికి కనిపించే జబ్బులు. ఒక్కొక్కటీ బాగు చేయించాను. కంటికి కనిపించనిది దసరా సెలవుల తరవాత మొదలైంది. కారు పద్నాలుగు పదిహేను కిలోమీటర్లు చక్కగా పోయేది. తరవాత దగ్గినట్టు నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయేది. పావుగంట ఆగి తాళం తిప్పితే ఏమీ జరగనట్టే స్టార్టయ్యేది.

నేను నోటుబుక్కు తీశాను. పేజీ మధ్యలో గీత కొట్టి, ఒక్కొక్క అనుమానానికి అటు అనుకూలాంశాలు, ఇటు ప్రతికూలాంశాలు రాశాను. వేడెక్కితే ఆగుతోంది, చల్లారితే నడుస్తోంది. కాబట్టి వేడికి చెడే భాగమేదో కారణమని తేల్చాను. కాయిల్ మార్పించాను, ఆగింది. కండెన్సర్ మార్పించాను, ఆగింది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టి నడిపాను, ఆగింది. ప్రతిసారీ నా తర్కంలో తప్పు దొరికేది కాదు, కారు మాత్రం దాదాపు అదే చింతచెట్ల వరుస దగ్గర ఆగేది.

"ట్యాంకు దించుదాం" అన్నాడు ఉస్తాదు, నేను రెండోసారి వెళ్లినప్పుడే. "మూడు దినాలు బండి నాకాడ ఇడిసిపెట్టు."

"ట్యాంకు తప్పయితే మొత్తానికే నడవద్దు కద? పదిహేను కిలోమీటర్లు ఎట్ల నడుస్తది?"

"అది దించినంక చెప్త."

దించాక చెప్పేది ఆధారం ఎలా అవుతుందని అడిగాను. పైగా అవి అర్ధసంవత్సర పరీక్షల రోజులు. మూడు రోజులు బాపు బడికి పోకుండా ఉండడం మా ఇంట్లో ఎవరూ ఊహించగలిగిన విషయం కాదు. ఇంకొక కాయిల్ తెచ్చుకున్నాను.

బాపు బడిలో ఒక నియమం ఉండేది. ప్రార్థన మొదలయ్యాక వచ్చినవాళ్లు గేటు బయట నిలబడాలి. ప్రార్థన ముగిశాక లోపలికి రావాలి. ఉపాధ్యాయులకైనా అదే. ఆయన పెట్టిన నియమం అది. కారు ఆగిపోయిన మొదటి రోజు, పావుగంట ఆగితే చాలని నాకింకా తెలియదు కనుక, నడుచుకుంటూ బడికి పోతున్న పిల్లలు పుస్తకాల సంచులు వెనక సీట్లో పడేసి, కేకలు వేస్తూ కారును బడి దాకా తోశారు. బాపు దిగుతానన్నాడు కానీ రోడ్డు మీద ఆయన్ను దించడం, మళ్లీ ఎక్కించడం నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అద్దంలో వెనక ఏం జరుగుతోందో చూడటానికి కూడా ఆయన మెడ తిరగదు. చేతులు తొడల మీద పెట్టుకొని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. గేటు కనిపించేసరికి లోపల ప్రార్థన సాగుతోంది.

"ఆపు" అన్నాడు.

"లోపలికే పోదాం బాపూ. పిల్లలకు తెలుసు కద..."

"ఆపుమన్న."

ఆపాను. మా కారు గేటు బయట ఉంది, పిల్లలు కారు పక్కన వరుసగా నిలబడ్డారు, బాపు కారులో కూర్చున్నాడు. జనగణమన వినిపించినప్పుడు ఆయన లేవాలని చూశాడు. లేవలేక, తలుపు అంచు పట్టుకొని వీపును ఇంకొంచెం నిటారు చేశాడు.

ఆ నెలలో అలా ఏడుసార్లు జరిగింది. ఏడోసారి చింతచెట్ల దగ్గరికి వచ్చేసరికి ఇరవైమంది దాకా పిల్లలు గట్టు మీద కూర్చొని ఉన్నారు. కారు కుదుపులు మొదలుపెట్టగానే చప్పట్లు కొట్టారు. "ఆగింది రోయ్! సారు కారాగింది!" అంటూ పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో పెద్దపిల్ల ఒకతె కిటికీలో తల పెట్టి, సంతోషం ఆపుకోలేక, "దినాం గీడనే సూస్తున్నం సార్. మీతోని వొస్తె ఎవలు ఏమనరు" అంది.

ఆ రోజు గేటు బయట నిలబడ్డ పిల్లలు ఒక తరగతికి సరిపడా ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు కారు ఆగకుండా వచ్చింది. ఇంటి ముందు దించుతుంటే బాపు నా భుజం మీద బరువు వేసి, "రేపటి నుంచి వద్దు" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే నేను వాదించగలిగేవాణ్ణి.

తెల్లవారగానే కారు ఉస్తాదు షెడ్డులో పెట్టాను. ఈసారి ఏమీ అడగలేదు. ట్యాంకు దించి, మిగిలిన పెట్రోలును తెల్లగుడ్డ మీదుగా ఇనుప తొట్టిలోకి వంచాడు. గుడ్డ మీద ఎర్రటి పొడి, చేప పొలుసుల్లాంటి తుప్పు రేకులు గుప్పెడు మిగిలాయి. పద్దెనిమిదేళ్లు సగం నింపి ఉంచిన ట్యాంకులో, పెట్రోలు అందని పైభాగమంతా తుప్పు పట్టిపోయింది. బండి నడుస్తుంటే ఆ రేకులు గొట్టం మూతికి అంటుకుని పెట్రోలును ఆపేసేవి. ఆగితే పీల్పు తగ్గి రాలిపోయేవి. అందుకే పావుగంట తరవాత స్టార్టయ్యేది. వేడికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

"గీ బండి చెడగొట్టినోడు ఎవడు లేడు బేటా" అన్నాడు ఉస్తాదు తుప్పును వేలితో కదుపుతూ. "ఆయన మంచిగనే సూసుకున్నడు. నువ్వు మంచిగనే అడిగినవు."

ఆ రెండో మాటకు నేను తలెత్తలేకపోయాను. ట్యాంకులో గులకరాళ్లు, కిరోసిన్ పోసి, ఇద్దరం చెరో వైపు పట్టుకొని మధ్యాహ్నం దాకా ఊపాం. నాలుగుసార్లు కడిగితే తేటగా వచ్చింది. మూడో రోజు బిగించాక, నల్లగొండ రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు పోయి, ముప్పై తిరిగి వచ్చాను. ఒక్క కుదుపు లేదు.

బాపు ముందు నిలబడి అంతా చెప్పాను. కారణం ఇదీ, రుజువు ఇదీ, బాగైన తీరు ఇదీ. ఇక ఆగదు, సోమవారం నుంచి పోదాం అన్నాను.

ఆయన పూర్తిగా విన్నాడు. ఆయన ఎప్పుడూ పూర్తిగా వినేవాడు. "బండి బాగైంది, ఒప్పుకుంట. ఇయ్యాల ఇది ఆగదు. రేపు ఇంకోటి పోతది. ఎప్పుడు పోతదో నువ్వు చెప్పలేవు, ఉస్తాదు చెప్పలేడు."

"అయినప్పుడు చూద్దాం బాపూ."

"అప్పుడు గేటు బయట ఎవరిని నిలబెడ్త? నేనుండగనే పిల్లలు ఆలస్యం నేర్చిన్రు. నా వల్ల నేర్చిన్రు. నీ కాడ జవాబున్నదా?"

నా దగ్గర జవాబులున్నాయి. పిల్లలు పిల్లలే అన్నది ఒకటి. నియమం రోగికి వర్తించదన్నది ఒకటి. మూడేళ్లు మిగిలాయన్నది మరొకటి. అన్నీ చెప్పాను. చెబుతున్నప్పుడే, నందికొండ షెడ్డులో మాట్లాడినంత బాగా మాట్లాడుతున్నానని నాకే తెలిసింది. ఆపేశాను.

"కాయితం తీస్కో" అన్నాడు. ఆయన వేళ్లు అప్పటికి కలాన్ని సంతకం వరకే పట్టగలిగేవి. స్వచ్ఛంద పదవీ విరమణ దరఖాస్తు చెప్పాడు, నేను రాశాను. 'నా ఇష్టపూర్వకంగా' అన్న చోట కలం ఆగింది.

"బాపూ, గిది అబద్ధం. నువ్వు ఇష్టంతోని పోతలేవు కద?"

"నమూనల గట్లనే ఉంటది."

"నమూనల ఉంటె నిజమైతదా?"

అమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఇంకెంతసేపు అడుగుతవురా ఆయనను?" అంది. బాపు ఆమెను వారించలేదు, నన్నూ వారించలేదు. అట్టముక్క మీది కాగితాన్నే చూస్తూ సంతకం కోసం చెయ్యి చాపి ఉంచాడు. మోచేయి పూర్తిగా చాపడానికి రాదు కనుక సగంలోనే ఉంది. ఎక్కువసేపు అలా ఉంచగలిగేవాడు కాదు.

నేను 'నా ఇష్టపూర్వకంగా' అని రాసి, కాగితం ఆయన చేతి కిందికి జరిపాను.